ఊపిరి బిగబట్టండి, మామయ్యా

మే 6

ఈ పుస్తకం కోడలిది. కుడి పేజీల్లో బొమ్మలు, ఎడమ పేజీలు ఖాళీ. రికార్డు పుస్తకమట, ఒక పక్కే వేస్తారట. బొమ్మలో గుండ్రం వంకరపోయిందని వాళ్ళ మేడం కొట్టేస్తే ఇంకో పుస్తకం కొని మళ్ళీ వేసుకుంది. దీన్ని పాత పేపర్లలో పడేసింది. నేను తీశాను. తెల్ల కాగితం పారేసే ఇల్లు బాగుపడదు.

నాకు రాత అలవాటు లేదు. బడి మూడో తరగతితో అయిపోయింది. మిగతా అక్షరాలు కోత మిల్లులో దుంగల మీద సుద్దతో రాసి నేర్చుకున్నాను. ఇది ఎవరికీ చూపించడానికి కాదు. పెన్ను పట్టడం మర్చిపోకూడదని.

మే 7

ఈ ఇంట్లో నలుగురం. నేను, మా ముసల్ది, మావాడు, కోడలు. మావాడు లిఫ్టులు బాగుచేస్తాడు, వారంలో ఐదు రోజులు ఇంట్లో ఉండడు. కోడలికి ముప్పై ఆరేళ్ళు. రెండేళ్ళ క్రితం ఆస్పత్రిలో ఎక్స్‌రే చదువులో చేరింది. అప్పుడు నేను వద్దన్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను.

రెండేళ్ళూ బాగానే గడిచాయి. ఆఖర్న సీటీ అనే పెద్ద మిషన్ ఉంది, దాని ప్రాక్టికల్ పరీక్ష పోయింది. జూన్ 18న మళ్ళీ పెడతారు. అదీ పోతే ఏడాది మొత్తం మళ్ళీ చదవాలి. ఆస్పత్రిలో ఇస్తామన్న ఉద్యోగం వేరేవాళ్ళకు పోతుంది.

తెలియక పోలేదు. రాతపరీక్షలో క్లాసులో రెండోది. ప్రాక్టికల్లో ఒక పెద్దాయన్ని మిషన్‌లో పడుకోబెట్టి, అద్దం ఇవతలి గదిలోంచి మైకులో ఊపిరి బిగబట్టమంది. ఆయనకు వినపడలేదు. మామూలుగా ఊపిరి తీస్తూ పడుకున్నాడు. ఫోటో చెదిరిపోయింది. పరీక్ష పెట్టినాయన కాగితం మీద రాశాడట, 'గొంతు చాలదు' అని.

నాకు ఒళ్ళు మండింది. గొంతు చాలకపోవడమేమిటి. పద్నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో ఉంది, ఒక్క మాట పైకి అనలేదు. అది మంచితనం. మంచితనానికి మార్కులు కొట్టేస్తారా.

మే 9

ఆ మిషన్ ఏమిటో తెలుసుకుందామని పొద్దున వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. కూరగాయలు తరుగుతూ, పొయ్యి గట్టు మీద పుస్తకం తెరిచి పెట్టుకుని చదువుకుంటోంది.

"అమ్మాయ్, ఆ మిషన్ ఏం కోస్తుంది?"

"ఏమీ కొయ్యదు మామయ్యా."

"మరి ముక్కలు ముక్కలని చదువుతున్నావు."

ఏదో చెప్పింది. పెదాలు కదిలాయి.

"గట్టిగా చెప్పు. నోట్లో నీళ్ళు పోసుకున్నావా?"

"గట్టిగానే చెప్తోంది. మీ చెవులే," అంది ముసల్ది.

"నా చెవులకేం. రాయిలా ఉన్నాయి."

"అదే నేనూ అంటున్నాను."

కోడలు దగ్గరకు వచ్చి చెప్పింది. మామూలు ఎక్స్‌రే ఒక్క పక్క నుంచి తీస్తారు. ముందున్నది, వెనకున్నది ఒకదాని మీద ఒకటి పడి కనపడతాయి. దీంట్లో దీపం మనిషి చుట్టూ తిరుగుతుంది. కంటికి కనపడని దీపం. అవతలి పక్క దాని ఎదురుగా ఒక పలక తిరుగుతూ, ఒంట్లోంచి ఎంత వెలుగు బయటికి వచ్చిందో కొలుస్తుంది. వెయ్యి వైపుల నుంచి కొలిచాక, లోపల ఎక్కడ ఏముందో కంప్యూటరు లెక్కగడుతుంది. ఆ లెక్కను పలుచటి ముక్కలుగా చూపిస్తుంది, మనిషిని కొయ్యకుండానే.

దుంగ రంపం ఎక్కే ముందు దాని చుట్టూ మూడుసార్లు తిరిగేవాణ్ణి. అటు తట్టి, ఇటు తట్టి, బెరడు చూసి, లోపల తొర్ర ఎక్కడుందో, చేవ ఎంతుందో చెప్పేవాణ్ణి. నలభై ఏళ్ళు అదే పని. నాకెవరూ డిప్లొమా ఇవ్వలేదు.

మే 11

నీళ్ళు సున్నా. గాలి మైనస్ వెయ్యి. ఎముక వెయ్యికి అటూ ఇటూ. కొవ్వు నీళ్ళకంటే కాస్త కింద. ఒంట్లో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుందట. ఆ అంకెను బట్టి నలుపు, తెలుపు, మధ్యలో బూడిద రంగు.

రోజూ పొద్దున మొదటి పేషెంటు రాకముందు నీళ్ళ డబ్బా ఒకటి మిషన్‌కున్న పెద్ద చక్రం మధ్యలో పెట్టి ఫోటో తీస్తారట. సున్నా చూపిస్తే పని మొదలు. చూపించకపోతే మిషన్ కట్టేస్తారు. ఇది నాకు నచ్చింది. మిల్లులో నేనూ మొదటి కోతకు ముందు దారం కట్టి దుంగను మోసే ట్రాలీ వరస చూసుకునేవాణ్ణి. చూసుకోనివాడి పలక ఒక చివర లావు, ఒక చివర సన్నం.

గాలి మైనస్ వెయ్యి అని ముసల్దానికి చెప్పాను.

"మీ తలకాయ తీయించండి, ఎంత వస్తుందో చూద్దాం," అంది.

మే 12

వాన. బొమ్మలు చూశాను. గుండ్రం అంత వంకరేం లేదు.

మే 14

ఇవాళ నాకో ఉపాయం తట్టింది. ఇంత చిన్న సంగతి ఆ ఆస్పత్రిలో ఒక్కరికీ తట్టలేదు.

మిల్లులో రంపం మొదలైతే పక్కవాడి అరుపు పక్కవాడికి వినపడదు. అందుకే అన్నీ చేతి సైగలు. అరచెయ్యి ఎత్తితే ఆపు. రెండు వేళ్ళు చూపితే రెండంగుళాల పలక. పిడికిలి బిగిస్తే అలాగే పట్టు. నలభై ఏళ్ళలో నా సైగ చూసి తప్పు కోసినవాడు లేడు.

"గొంతు ఎందుకమ్మా? అద్దం ఉంది కదా. ముందే చెప్పు, నేను చెయ్యి ఎత్తితే ఊపిరి ఆపండి, దించితే వదలండి అని. అయిపోయింది."

"అలా ఎవరూ చెయ్యరు మామయ్యా."

"ఎవరూ చెయ్యనిది చేస్తేనే గొప్ప."

తలూపింది. ఒప్పుకుంది.

మే 17

ఆస్పత్రి నుంచి వచ్చి తిన్నగా గదిలోకి వెళ్ళింది. టీ తాగలేదు. ముసల్ది వెళ్ళి కనుక్కుని వచ్చి చెప్పింది.

కడుపు ఫోటోకి వచ్చిన పెద్దమనిషిని కాళ్ళవైపు నుంచి చక్రంలోకి పంపారు. తల బయట ఉంది. చేతులు తలపైకి పెట్టుకున్నాడు. అద్దం కనపడుతోంది. కోడలు నేను చెప్పినట్టే ముందు చెప్పి, అద్దం వెనక నిలబడి చెయ్యి ఎత్తింది. ఆయన మర్యాద తెలిసినవాడు. తలపైన ఉన్న చెయ్యి తీసి ఆయనా ఊపాడు. నవ్వాడు కూడాట. ఒళ్ళంతా కదిలి ఫోటో పాడైంది. మళ్ళీ తీయాల్సి వచ్చింది.

వాళ్ళ మేడం అందరి ముందు అడిగిందట. "ఇదేమైనా రైల్వే ప్లాట్‌ఫారమా? చేతులూపి సాగనంపుతున్నావా?" తర్వాత పక్కకు పిలిచి చెప్పిందట. "నీ బద్ధకానికి ఆయన ఒంట్లోకి రెండుసార్లు కిరణాలు పోయాయి. ఇంకోసారి ఇలా జరిగితే నిన్ను పరీక్షకే పంపను."

ఆ సైగ ఎవరు నేర్పారో కోడలు చెప్పలేదట. చెప్పాల్సింది. చెప్పమని నేనే అనేవాణ్ణి.

తప్పు ఆ పేషెంటుది. ఆపమంటే ఊపుతాడా.

మే 18

పేషెంటుది కాదు.

మే 20

ముసల్ది ఇవాళ నన్ను దులిపేసింది. నేను అడిగింది ఒక్కటే. ఈ పిల్లకి గొంతు ఎందుకు రాదు, వాళ్ళమ్మ బాగానే అరుస్తుంది కదా అని.

"మర్చిపోయారా?" అంది.

"ఏమిటి?"

"పెళ్ళైన రెండో వారం. పెరట్లో బట్టలు ఆరేస్తూ పక్కింటావిడతో ఏదో అని పగలబడి నవ్వింది. మీరు వరండాలోంచి ఏమన్నారు?"

"ఏమో. గుర్తులేదు."

"ఈ ఇంట్లో ఆడవాళ్ళ గొంతు గోడ దాటదు అన్నారు. దానికి గుర్తుంది. నాకూ గుర్తుంది. నాకైతే నలభై ఎనిమిదేళ్ళ క్రితం అన్నారు."

"అది ఊరికే అన్నమాట."

"ఊరికే అంటేనే అంత దూరం పోయింది. గొంతంతా మీరొక్కరే వాడేసుకున్నారు. ఇక మాకేం మిగిల్చారు?"

నాకు గుర్తులేదు.

గుర్తుంది. నీలం చీర ఆరేస్తోంది.

మే 21

నడుం పట్టేసినట్టుంది. హాల్లో బల్ల మీద కాసేపు వాలుతాను, నువ్వు వంటింట్లోంచి నీ పాఠం అప్పజెప్పుకో, అన్నాను కోడలితో. నీ కోసం కాదు, నడుం కోసం, అని కూడా చెప్పాను.

ఆ బల్ల నేను చేసిందే. ఆరడుగుల ఒకే పలక. ముడి ఒక్కటి లేదు.

పడుకున్నాను. వచ్చి పక్కన నిలబడి చేతులు నలుపుకుంటోంది.

"ఏమిటి?"

"ముందు పేరు అడగాలి మామయ్యా."

"నా పేరు నీకు తెలియదా?"

"తెలుసు. కానీ పేషెంటు నోటితోనే చెప్పించాలి. రూలు. ఒకరి బదులు ఇంకొకరిని తీసేస్తారని."

"అయితే అడుగు."

అడగడానికి ఎంతసేపు పట్టిందో. మామగారిని పట్టుకుని మీ పేరేమిటి అనడం మాటలు కాదు. ఆఖరికి గోడ గడియారాన్ని చూస్తూ అడిగింది. నేను ఇంటిపేరుతో సహా చెప్పాను. తర్వాత వయసు. తర్వాత ఒంటి మీద ఇనుము ఏమైనా ఉందా అంది. ఇనుముంటే ఫోటోలో దాని చుట్టూ తెల్లటి చారలు పడి పక్కనున్నది కనపడనివ్వదట. మొలకున్న తాళంచెవులు తీసి ఇచ్చాను. ఆ తాళంచెవులు నేను ఎవరి చేతికీ ఇవ్వను.

చక్రం మధ్యకు మనిషి సరిగ్గా రావాలట. పైనుంచి, పక్కనుంచి ఎర్ర దీపాలు గీతల్లా పడతాయి, వాటికి సరిపెట్టాలి. దీపాల బదులు రెండు దారాలు కట్టింది.

"మామయ్యా, కొంచెం ఎడమకి జరుగుతారా?"

"జరగను."

బిత్తరపోయింది.

"జరుగుతారా అని అడిగితే జరగనంటాను. నువ్వు అడగకూడదు, చెప్పాలి. జరగండి అను."

"జరగండి," అంది. దారం అంత సన్నంగా.

తర్వాత వంటింట్లోకి వెళ్ళి, గుమ్మానికి కట్టిన సగం తెర వెనక నిలబడి చెప్పింది. నేను బిగబట్టాను, వదిలాను. "వినపడిందా మామయ్యా?" అని వచ్చి అడిగింది. వినపడింది అన్నాను. మొహం వెలిగింది.

మే 23

వినపడింది.

మే 26

ఇవాళ పన్నెండుసార్లు. పన్నెండుసార్లూ సరిగ్గా బిగబట్టాను. తెర పైన ఆమె భుజాలు లేస్తాయి, గడ్డం కదులుతుంది, నేను బిగబడతాను. భుజాలు దిగుతాయి, వదులుతాను. మొహం చూస్తేనే ఎవరి మాటైనా బాగా తెలుస్తుంది. ఇందులో వింతేం లేదు.

కోడలు హుషారుగా ఉంది. వంటింట్లో ఏదో పాట కూనిరాగం తీస్తోందని ముసల్ది చెప్పింది.

మిషన్‌లో ముందే రికార్డు చేసిన గొంతు ఒకటి ఉంటుందట. అందరికీ ఒకటే వేగం, ఒకటే మాట. పరీక్షలో అది వాడనివ్వరు. మనిషిని చూసి, వాడి ఓపిక చూసి నువ్వే చెప్పాలి. అది సబబే.

జూన్ 1

ముక్కల మందం పాఠం. నాకు చెప్పకుండానే అర్థమైందని కోడలు ఆశ్చర్యపోయింది.

ముక్క మందంగా తీస్తే అందులో ఉన్న చిన్న గడ్డ పక్కనున్న కండతో కలిసిపోయి సగటు రంగులో కనపడుతుంది. అంటే కనపడదు. పలుచగా తీస్తే బయటపడుతుంది. ఒకసారి మిల్లులో మూడంగుళాల పలక తీశాం. పైకి పాలమీగడలా ఉంది. లోపల మేకు. ఎప్పుడో ఎవడో చెట్టుకి కొట్టింది, చెట్టు మింగేసింది. రెండో కోతలో రంపం పన్ను విరిగి నా ముంజేతిలో దిగింది. అదే అంగుళం పలక తీసుంటే మొదటే నల్ల మచ్చ కనపడేది.

"ఇది రాసుకోవచ్చా మామయ్యా? క్లాసులో చెప్తాను."

రాసుకో అన్నాను. నా పేరు అక్కర్లేదన్నాను. చెప్తే చెప్పనీ.

జూన్ 4

బాగోలేదు. ఆస్పత్రిలో ఒక ముసలావిడ ఛాతీ ఫోటో. కోడలు చేతులూపడం మానేసి మైకులోనే చెప్పింది. ఆవిడకు వినపడలేదు. ఈసారి మేడం పక్కనే నిలబడి ఉంది, మీట నొక్కకముందే ఆపేసింది కాబట్టి ఫోటో పాడవలేదు. మేడమే మైకు లాక్కుని చెప్పింది.

"మా ఇంట్లో వంటింట్లోంచి హాల్లోకి వినపడుతుంది మేడం. మా మామయ్య ప్రతిసారీ బిగబడతారు," అందట కోడలు.

"ఆ మామయ్యను ఒకసారి తీసుకురా, చూడాలి," అందట మేడం.

ఇంటికొచ్చి నన్ను అడిగింది. "గోడ అవతలికి వినపడే గొంతు మైకులో వినపడలేదంటే మైకే పాడైందేమో కదా మామయ్యా?"

అయ్యుంటుంది అన్నాను.

అయితే మైకు మార్చమని దరఖాస్తు పెడతానంది. ఇక గొంతు మీద కష్టపడక్కర్లేదు, మిగతా పాఠాలు చూసుకుంటానంది.

జూన్ 5

మైకు కాదు.

జూన్ 6

ఇది రాయడానికి మూడుసార్లు పెన్ను తీశాను, పెట్టాను.

పొద్దున కోడలిని ఆఖరిసారి ఒకసారి చెప్పుకోమన్నాను. దరఖాస్తు తర్వాత పెట్టుకో అన్నాను. నేను పడుకోబోతుంటే ముసల్ది వచ్చి బల్లను రెండు చేతులా పట్టి ఈడ్చి తిప్పింది. నా తల వంటింటివైపు, కాళ్ళు వీధివైపు. ఎదురుగా గోడ.

"ఇదేమిటే?"

"ఆస్పత్రిలో పేషెంటు తెరవైపు చూస్తూ పడుకుంటాడా? అందుకు," అంది. దానికి ముందే తెలుసు. నలభై ఎనిమిదేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి.

గోడ చూస్తూ పడుకున్నాను. సున్నం పెచ్చు ఒకటి లేచి ఉంది. ఎంతసేపైనా ఏమీ వినపడలేదు. ఇప్పటికి చెప్పే ఉంటుందిలే అనుకుని ఊపిరి బిగబట్టాను. పదిదాకా లెక్కపెట్టి వదిలాను.

ముసల్ది మొహం నా మొహం మీదకి వంగింది. "అది ఇంకా స్నానానికి వెళ్ళి రాలేదు. ఎవరు చెప్తే బిగబట్టారు?"

వెనకాలే కోడలు వచ్చింది, తల తుడుచుకుంటూ. మా ఇద్దరినీ చూసింది. తెలివైన పిల్ల, చెప్పక్కర్లేదు.

"మామయ్యా, మీకు వినపడటం లేదా?"

ఇది కూడా పెదాలు చూసే తెలుసుకున్నాను.

"లేదు," అన్నాను.

"ఎప్పటినుంచి?"

"మొదటి రోజు నుంచి. అంతకు ముందు నుంచీను. మిల్లు మానేసిన ఏడాదికే సగం పోయింది. నీ భుజాలు చూసి బిగబట్టాను."

గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆమె మొహం చూడలేకపోయాను. రాయడానికి సిగ్గేం లేదు, చూడలేకపోయాను.

అప్పుడు వినపడింది.

"పదహారు రోజులు మామయ్యా. పదహారు రోజులు పొద్దున్నే లేచి, వంట పక్కన పెట్టి మీ ముందు నిలబడ్డాను. మీరు వినపడిందన్నారు, నేను నమ్మాను. నా గొంతు బాగుపడిందని నమ్మి మొన్న ఆ ముసలావిడ ముందు నిలబడ్డాను. మేడం ముందు మీ పేరు చెప్పి గొప్పలు పోయాను. చెవుడని ఒప్పుకోవడం కంటే నేను ఫెయిలైతేనే నయమనిపించిందా మీకు?"

ప్రతి మాటా వినపడింది. గోడకు తిరిగి పడుకుని ఉండగా, భుజాలు చూడకుండా, పెదాలు చూడకుండా.

తిరిగి చూస్తే కోడలు చేత్తో నోరు మూసుకుని ఉంది, ఏదో పగలగొట్టినట్టు. ముసల్ది గోడకి చేరబడి పైకప్పు చూస్తోంది.

"వినపడింది," అన్నాను. "ఇది నిజం. అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పమంటావా?"

"తప్పయిపోయింది మామయ్యా."

"తప్పు నాది. ఆ గొంతు నీది. దాంతో ఇప్పుడు ఊపిరి బిగబట్టమను."

"కోపం లేకపోతే అది రాదు."

"అయితే కోపం తెచ్చుకో. ఆ పనికి నేనున్నాను."

ముసల్ది నవ్వింది. ఆ నవ్వూ వినపడింది.

జూన్ 9

రోజుకు రెండు పూటలా. గోడవైపు తిరిగే పడుకుంటున్నాను. వినపడకపోతే వినపడలేదంటున్నాను. మొదటి రోజు ఇరవైలో పదిహేడుసార్లు వినపడలేదు. ఇవాళ పదకొండు.

ఇవాళ ఒకసారి మిల్లులో నేను అరిచినట్టే అరిచింది. ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను.

"వినపడింది, సరే. కానీ పేషెంటు గుండె ఆగిపోతుంది," అన్నాను.

తను కూడా ఆలోచించి చెప్పింది. "గట్టిగా చెప్పడం వేరు, గద్దించడం వేరు మామయ్యా. గద్దిస్తే భయపడి ఊపిరి సగంలో ఆపేస్తారు. నిండా తీసుకోరు. నిండా తీసుకుంటేనే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి. గట్టిగా, నిదానంగా, వాళ్ళ పక్షాన ఉన్నట్టు చెప్పాలి."

ఆ రెండూ వేరని నాకు డెబ్భై మూడేళ్ళకు తెలిసింది. మిల్లులో ఎవరూ చెప్పలేదు. ఇంట్లో చెప్పే అవకాశం నేను ఇవ్వలేదు.

జూన్ 12

పక్కింటావిడ గోడ మీంచి ముసల్దాన్ని అడిగిందట. "మీ ఇంట్లో ఎవరికైనా బాగోలేదా అత్తయ్యా? వారం రోజులుగా ఊపిరి బిగబట్టండి, కదలకండి అని వినపడుతోంది."

"మా ఆయన్ని దారిలో పెడుతున్నాం," అని చెప్పిందట ముసల్ది.

ఇరవైలో రెండు మాత్రం వినపడలేదు. అందులో ఒకటి నేను కునుకు తీశాను.

జూన్ 13

ఫోటోలో పేషెంటు కుడిచెయ్యి మనకు ఎడమవైపు కనపడుతుంది. కాళ్ళ దగ్గర నిలబడి పైకి చూస్తున్నట్టు లెక్క. ఇది నాకు రెండు రోజులు ఎక్కలేదు. ఇవాళ బల్ల మీద ముసల్దాన్ని పడుకోబెట్టి కాళ్ళ దగ్గర నిలబడి చూశాను. ఎక్కింది.

"మీరు నా కాళ్ళ దగ్గర నిలబడాల్సి వచ్చింది ఈ జన్మకి," అంది అది పడుకునే.

జూన్ 15

మావాడు వచ్చాడు. భోజనం దగ్గర కోడలు "ఆ నీళ్ళు ఇటు ఇవ్వండి" అంది. వాడు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, ముందు పెళ్ళాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను అరుస్తాననుకున్నాడు.

"ఇవ్వరా. వినపడలేదా?" అన్నాను.

జూన్ 17

రేపే. ఇవాళ పాఠం వద్దంది. గొంతు దాచుకోవాలట. నేనూ తనతో మాట్లాడించలేదు.

దుంగ మనది కానప్పుడు, రంపం మనది కానప్పుడు, కోతకు ముందు మేస్త్రికి పనేమీ ఉండదు. పుస్తకంలో బొమ్మలన్నీ మొదటి నుంచి ఇంకోసారి చూశాను.

జూన్ 18

పాసయింది.

సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలోంచే చెప్పింది. పెరట్లో ఉన్న ముసల్దానికి కూడా వినపడింది. మళ్ళీ అడగాల్సిన పని పడలేదు. వచ్చే నెల ఒకటి నుంచి ఉద్యోగం.

నన్ను రావద్దంది. మీరొస్తే నాకు కంగారు అంది. సరే అన్నాను, తను వెళ్ళిన అరగంటకు వెళ్ళాను. ఆస్పత్రి వెనక భాగం, పొడుగాటి కారిడార్, రెండు పక్కలా బల్లలు. చివర కోడలు మైకులో చెప్పే గది. పరీక్ష పెట్టేవాళ్ళతో కలిపి లోపల నలుగురు, అది ఇద్దరు పట్టే గది, ఉక్కకు తలుపు ఓరగా వదిలేశారు. ఆ తలుపు పక్కనే కూర్చున్నాను. ఒక ముసలాయన్ని చక్రాల కుర్చీలో పక్కనున్న మిషన్ గదిలోకి తీసుకెళ్ళారు. నాకంటే ముసలివాడు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, నర్సు చెప్పేది రెండుసార్లు అడిగించుకుంటున్నాడు. ఈ పరీక్ష పెట్టినాయన కావాలనే ఏరుకొచ్చాడు అనుకున్నాను.

మిషన్ గది పెద్ద తలుపు మూశారు. పైన ఎర్ర దీపం వెలిగింది.

నాకు ఏమీ వినపడలేదు. ఇందులో అబద్ధం రాయను. తలుపుకు మూరెడు దూరంలో కూర్చుని ఒక్క ముక్క వినపడలేదు. పక్కన ఫ్యాను, అటు తోపుడు బళ్ళ చప్పుడు, అదంతా చెవుల్లో ఒకటే హోరు. లోపల ఎంతవరకు వచ్చిందో, పేరు అడిగిందో లేదో, దీపాలకు సరిపెట్టిందో లేదో తెలియదు. మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు ఎదురు బల్ల మీద ఉన్న మనిషి పేపరు తిప్పుతూ సగంలో ఆగిపోయాడు. చేతిలో పేజీ అలాగే గాలిలో ఉంది. అతని పక్కన లావుపాటి ఆవిడ, చేతికి కట్టుతో, బుగ్గలు ఉబ్బించి తలుపువైపు చూస్తోంది. చీటీల బల్ల దగ్గర గుమాస్తా ముద్ర పైకెత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు. గోడకానుకుని నిలబడ్డ తోటి స్టూడెంట్లు ఇద్దరు కూడా. వాళ్ళెవరికీ ఎవరూ ఏమీ చెప్పలేదు. వాళ్ళ ఫోటో కాదు. కారిడార్ ఈ చివర నుంచి ఆ చివర వరకు ఒక్క ఛాతీ కదలడం లేదు.

నేనూ బిగబట్టాను. లెక్కపెట్టాను. ఆరు, ఏడు, ఎనిమిది.

తొమ్మిది దగ్గర ఆవిడ బుగ్గలు దిగాయి. పేజీ అటు పడింది. ముద్ర కాగితం మీద పడింది.

నేను వదిలాను.